అవ్వ వద్దన్న మాట

ఆ రోజుల్లో నేను ఏ తప్పూ చేసేవాణ్ణి కాదు. అన్నీ నా తలరాతే చేసేది. పరీక్ష పోతే తలరాత, బస్సు తప్పితే తలరాత (నిద్ర లేచిందే ఎనిమిదింటికన్న సంగతి వేరు). డిగ్రీ ఎలాగో గట్టెక్కి, హిందూపురంలో డ్రిప్పు పైపులమ్మే ఒక ఆఫీసులో చేరాను. చేరిన నెలకే ఇజ్రాయెల్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. యూదుడు, అరవై దాటిన మనిషి. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు చూసి, పరిగి వైపు చేలల్లో ఆయన వెంట తిరుగుతూ రైతులకు ఆయన మాటలు తెలుగులో చెప్పే పని నాకు అంటగట్టారు. మేమంతా ఆయన్ని పైపుల సారు అనేవాళ్లం.

పైపుల సారు ఏది నోట్లో వేసుకోబోయినా ముందు కళ్లు మూసుకుని ఏదో గొణిగేవాడు. చెట్టున కాసిన మామిడిపండుకు ఒక మాట, నేలలో పండిన శెనక్కాయలకు ఇంకో మాట, మంచినీళ్లకు వేరే మాట. "ఏమబ్బా, మా శెనక్కాయల్లో పురుగేమన్నా ఉండాదా? అట్ల గొణుగుతాండాడే!" అని ఒక రైతు నొచ్చుకున్నాడు కూడా. అడిగితే, దేవుడికి కృతజ్ఞత చెబుతున్నానన్నాడు సారు. పొద్దున్నే కళ్లు తెరవగానే, రాత్రి నిద్రలో తీసుకున్న ప్రాణం తిరిగి ఇచ్చినందుకు చెప్పే మొదటి మాట కూడా కృతజ్ఞతేనట.

"అంతా ఆయన రాసిపెట్టిందే కదా సార్, మళ్లీ మనం చెప్పేదేముంది?" అన్నాను, నా తలరాత పాండిత్యం చూపిస్తూ. సారు గట్టు మీద కూర్చుని నవ్వాడు. "వాన, కరువు, నీ పొడుగు, నా బట్టతల, ఇవన్నీ ఆయన చేతిలోవే. ఆయన పట్ల భక్తితో ఉండాలా వద్దా అన్నది మాత్రం మనకే వదిలేశాడంటారు మా పెద్దలు. కృతజ్ఞతా అంతే, బలవంతంగా రాదు. సాటి మనిషికి చెప్పనివాడు దేవుడికేం చెబుతాడు? నీకు అన్నం పెట్టేదెవరు?" అన్నాడు. అమ్మ లేని నన్ను పెంచింది అవ్వేనని చెప్పాను. "ఆమెకెప్పుడైనా చెప్పావా?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే, అవ్వ సంగటి ముద్ద మీద పులుసు పోస్తుంటే, గొంతు సవరించుకుని, "అవ్వా, ఇన్నేండ్లు వండిపెట్టినావు. నీ మేలు మర్చిపోను" అన్నాను. గరిటె ఆగిపోయింది.

"ఏమిరా, యాడికి పోతాండావు?"

"యాడికీ పోనవ్వా."

"మరి ఆ మాటేమి? ఇల్లిడిసి పోయేటోళ్లు కదరా అట్ల చెప్పేది!"

(నిజమే. మా వైపు ఆ మాట పరాయివాళ్లకు చెబుతారు, లేదా చివరి రోజున చెబుతారు.) అవ్వ ఏడుపు విని, కొట్టంలో ఎద్దులకు మేత వేస్తున్న నాయన పరుగున వచ్చి, సంగతేమిటని కూడా అడక్కుండా "ఎవర్రా ఆ పిల్ల?" అన్నాడు. యూదులు, పైపులు, మనిషికి వదిలేసిన స్వేచ్ఛ, అన్నీ విడమరిచి చెప్పేసరికి పులుసు చల్లారిపోయింది. "ఆ సారు దేశంలో ఎట్లన్నా ఉండనీ. నువ్వు మాత్రం నాకు మళ్ల ఆ మాట చెప్పొద్దు" అని అవ్వ తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది.

ఏళ్లు గడిచాయి. నేను ధర్మవరంలో కాపురం పెట్టాను, అవ్వ మంచం పట్టి నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "ఒరే, ఆ పొద్దు ఏందో చెప్తివే, మళ్ల చెప్పు, ఇందాము" అంది.

"చెప్పొద్దని ఒట్టేయించుకుంటివి కదవ్వా."

"తీసేస్తినిలే ఒట్టు. ఇప్పుడు చెప్పచ్చు."

చెబితే ఎక్కడ వెళ్లిపోతుందోనని భయపడ్డాను. "రేపు చెప్తాలేవ్వా" అన్నాను. ఆ రేపటికి అవ్వ లేదు. ఈ ఒక్క తప్పును మాత్రం తలరాత మీదికి నెట్టలేను. చెప్పడమో మానడమో నాకే వదిలేసింది, నేనే మానేశాను. ఆ మాట ఇంకా గొంతులోనే ఉంది.

ఇప్పుడు ముద్ద ముందు పెట్టుకుని రోజూ కళ్లు మూసుకుంటాను. "సంగటి ఉడకలేదా ఏమి, అట్ల గొణుగుతాండారు?" అంటుంది మా ఆవిడ (పెనుకొండ మనిషి, ఊరుకునే రకం కాదు). వండిపెట్టేది ఆమే కదా అని ఒకరోజు ఆమెకూ ఆ మాట చెప్పాను. గరిటె ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "ఏమి, యాడికి పోతాండారు?" అంది. ఆ ప్రశ్న ఇంకోసారి వినాలనిపించి, అప్పుడప్పుడూ చెబుతూనే ఉంటాను.