పాదానికి కట్టిన పేరు

ఆ రోజుల్లో గుంటూరులో జబ్బులు ఎవరి జబ్బులు వారివే గానీ, ఆరోగ్యం మీద శ్రద్ధ మాత్రం ఊరంతటికీ ఒకేసారి పుట్టుకొచ్చింది. పక్క వీధిలో ఇడ్లీ తినడానికి కూడా స్కూటర్ తీసే పెద్దమనుషులు వారం తిరక్కుండా రంగురంగుల బూట్లు కొని, పరుగు గురించి మాట్లాడటం మొదలుపెట్టారు (పరిగెత్తడం వేరే సంగతి). నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ చేతికొచ్చాక మిర్చి యార్డులో మా మావయ్య కమిషన్ కొట్లో చేరాను. కొట్టు వెనక ఒక ఏసీ గది, అందులో కంప్యూటరు, తిరిగే కుర్చీ ఉండేవి. నా చోటు మాత్రం బయట, మిరపకాయల టిక్కీల మధ్య (యార్డులో బస్తాని టిక్కీ అంటారు). పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాయలు గుప్పిట్లోకి తీసి చూడటం, తుమ్మడం, మళ్లీ చూడటం. ఆ కుర్చీ కోసం ఎవరేం చేయమన్నా చేసే స్థితిలో ఉన్నాను.

మావయ్య చేయమననే అన్నాడు. ఏప్రిల్ ఆఖరి ఆదివారం పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారట. అందులో మా కొట్టు పేరు ఊరంతా తిరగాలట. అమ్మవారి పేరు పెట్టిన కొట్టు మాది. పసుపుపచ్చ టీషర్టు మీద ఆ పేరు, పక్కనే అమ్మవారి బొమ్మ అచ్చు వేయించి నా చేతికిచ్చాడు. "ఒరేయ్, దీంతో చివరి గీత దాటు. నేనే ఫోటో తీస్తా. సోమవారం నుంచి ఏసీ గదిలో కూర్చుందువుగాని," అన్నాడు. పరుగుకి మూడు రోజుల ముందు, ఆ కుర్చీనే తలుచుకుంటూ టిక్కీల వరస మీంచి దిగబోయి జారిపడ్డాను. చర్మం చెక్కుకుపోయి, చీలమండ పూరీలా పొంగింది. బ్రాడీపేటలో డాక్టరు గారు పట్టీ చుట్టి, "పది రోజులు నడక మానేయండి," అన్నారు. నడవనండీ అని మాటిచ్చి వచ్చాను. పరుగు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆరింటికి మొదలన్నారు. ముఖ్య అతిథి ఎనిమిదిన్నరకి వచ్చారు. అప్పటికే కాలేజీ బస్సుల్లో తోలుకొచ్చిన పిల్లలతో, పొట్టలు లోపలికి పీల్చుకుని నిలబడ్డ వ్యాపారస్తులతో రోడ్డు కిక్కిరిసిపోయి ఉంది. ఎండ నెత్తిమీద కూర్చుంది. ఆయన మైకు పట్టుకుని, పొద్దున్నే లేవడం ఎంత మంచి అలవాటో అరగంటసేపు చెప్పారు. తరవాత జెండా ఊపి, ఫోటోల కోసం పదడుగులు పరిగెత్తి, వెనకే వస్తున్న కారెక్కి వెళ్లిపోయారు. ఆ రోజు అందరికంటే ముందు ఇల్లు చేరింది ఆయనే.

మొదటి కిలోమీటరు నేను పరిగెత్తలేదు, జనమే తోసుకుపోయారు. ఆ తొక్కిసలాటలో ఎవరో నా పట్టీ కొస తొక్కారు. అది ఊడి, వాళ్ల బూటుతో పాటే వెళ్లిపోయింది. మెడలో తువ్వాలు ఉంది కదా అని తీసి కాలికి బిగించాను. రోజూ యార్డులో నేను మొహమూ, టిక్కీలూ తుడిచే తువ్వాలది. చెమటకి తడిసేసరికి వారం రోజుల మిరప ఘాటు ఒక్కసారి చర్మంలోకి దిగింది. నీళ్లు పోశాను. మంట మోకాలి దాకా పాకింది. కాస్త బుర్ర ఉన్నవాడైతే ఆటో ఎక్కేవాడు. నేను కుర్చీ ఎక్కాలి కదా. తువ్వాలు విప్పి పారేసి, టీషర్టు తీసి కాలికి గట్టిగా చుట్టి, బనీనుతో కుంటడం మొదలుపెట్టాను. గొడుగేసుకుని నడుస్తున్న ఒక పెద్దావిడ నన్ను దాటుతూ, "ఏం బాబూ, పరిగెడుతున్నావా, ఏదైనా పారేసుకుని వెతుక్కుంటున్నావా?" అని అడిగింది. సమాధానం ఆలోచించేలోగా చాలా ముందుకెళ్లిపోయింది.

నేను చివరి గీత చేరేసరికి షామియానా విప్పుతున్నారు. మావయ్య ఫోను పట్టుకుని ఒక్కడే నిలబడ్డాడు. "దాటావు సరే, చొక్కా ఏదిరా?" అన్నాడు. నేను గర్వంగా కాలెత్తి చూపించాను. ఆయన మొహం పాలిపోయింది. చెప్పులు విడిచి, కాలే రోడ్డు మీద మోకాళ్లూని, నా కాలికున్న చొక్కా విప్పి మూడుసార్లు కళ్లకద్దుకున్నాడు. దారిన పోయేవాళ్లు నాకేదో పాదపూజ జరుగుతోందనుకుని ఫోటో కూడా తీశారు. లేచాక మావయ్య చొక్కాని నెత్తిన పెట్టుకున్నాడు. "అమ్మవారిని కాలికి కట్టుకుని ఊరంతా తిప్పావట్రా. నీకు కుర్చీ కూడానా," అన్నాడు. నిజం చెబుతున్నాను, అక్కడే ఏడ్చేశాను. కాలి నొప్పికి మాత్రం కాదు.

మూడేళ్లు టిక్కీల మధ్యే తుమ్మాను. ఆ చొక్కాతో పెద్ద చిక్కే వచ్చిపడింది. పారేస్తే పాపం, తుడుపు గుడ్డ చేస్తే మహాపాపం, తొడుక్కుందామంటే నా కాలి నెత్తురు మరక పోలేదు. మావయ్య దాన్ని ఉతికించి, మడత పెట్టి, ఏసీ గది బల్ల సొరుగులో పెట్టాడు. కుర్చీ దక్కిన రోజు నేను మొదట సొరుగు తీస్తే అదే కనబడింది. మావయ్య అది చూసి, టీ చెప్పి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆయన లేడు. గదీ నాదే, కుర్చీ నాదే. వాన పట్టినప్పుడల్లా ఆ చీలమండ సలుపుతుంది, కాలు చాపుకుంటే హాయిగా ఉంటుందనిపిస్తుంది. ఒక్క కుర్చీ కోసం ఊరంతా కుంటిన ఆ బనీను కుర్రాణ్ణి తలుచుకుని కాసేపు నవ్వుకుంటాను. కాలు మాత్రం సొరుగు లేని వైపుకే చాపుతాను.