రసమట్టం బాబాయి వ్యాను

మా వీధిలో రసమట్టం బాబాయి అంటే తెలియనివాళ్లు లేరు. నలభై ఏళ్లు ఇళ్లకు అలమారాలు, వంటింటి అరలు బిగించిన వడ్రంగి. రసమట్టం గాజుగొట్టంలో బుడగ నడిమధ్యకొచ్చి నిలబడితే తప్ప ఒక్క స్క్రూ కూడా తిప్పడు. నిండు చెరువును చూపించినా "ఆ మూల కాస్త పైకుంది" అనే రకం.

ఆయన భార్యను మేం పిన్ని అంటాం. పెళ్లయిన నాటి నుంచి ఆవిడ అడిగింది ఒక్కటే, ఇద్దరూ కలిసి ఊళ్లు తిరగాలని. ఆయన చెప్పిందీ ఒక్కటే, "ఈ ఒక్క ఇల్లు అవనీ" అని. అలా ఓ నాలుగు వేల ఇళ్లయ్యాయి. చివరికి పని మానేసి, పాత పాల వ్యాను ఒకటి కొన్నాడు. దాన్నే ఇల్లుగా మార్చి, అందులోనే తిప్పుతానన్నాడు.

"నెలాఖరుకి బండి కదలాలి. లేదంటే మా అక్క దగ్గరికి పోతా. మళ్లీ ఎప్పుడొస్తావని మాత్రం అడక్కండి" అంది పిన్ని.

కడిగి కడిగి వీధి కుళాయి ఎండిపోయింది గానీ పాల వాసన పోలేదు. ఊళ్లో పిల్లులన్నీ చక్రాల చుట్టూనే కాపురం పెట్టాయి. బాబాయి మాత్రం పట్టు వదల్లేదు. పైకప్పుకు సన్నటి చెక్కలు కొట్టాడు. పక్కలకు కిటికీలు కోశాడు. పగలు బల్ల, రాత్రి మంచం అయ్యేలా ఒకటి చేశాడు. రెండు పొయ్యిల స్టవ్‌కి గట్టు కట్టాడు. గోడలకు లేతాకుపచ్చ రంగు పిన్ని ఎంచింది, పరదాలు ఆవిడే కుట్టింది.

మా వీధి జారుడుబల్లకు అక్కలాంటిది. పని జరిగినన్నాళ్లూ బండి అక్కడే, ముక్కు పల్లానికి పెట్టి, చక్రాల కింద ఇటుకలతో నిలబడింది. బాబాయి రసమట్టం పెట్టినప్పుడల్లా బుడగ వెనక్కి పరిగెత్తేది.

"ఏం బాబాయ్, బండి నేలే వంకరా?" అన్నాను.

"ఏ ఇంటి నేల తిన్నగా ఉందే? నేలని నమ్మినోడు వడ్రంగే కాదు" అని ప్రతి అర కిందా, గట్టు కిందా, మంచం కిందా బండి ముక్కు వైపున చెక్కముక్క దోపాడు.

నెలాఖరు రోజు బండి కదిలింది. చక్రాలకు గాలి కొట్టించడానికి కింద పెట్రోలు బంకులో, చదును నేల మీద ఆపారు. అంతే. గట్టు మీది గిన్నెలన్నీ వెనక్కి జారాయి. అలమారా తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. మంచం మీద వాలి చూస్తే తల కిందికి, కాళ్లు ఆకాశానికి. బాబాయి రసమట్టం పెట్టి, అది పాడైందేమోనని రెండు మొట్టికాయలు కూడా వేశాడు.

గాలి కొట్టే మనిషి లోపలికి తొంగి చూశాడు. "పెద్దాయనా, ఎక్కడ పెట్టి చేశారిది?"

బాబాయికి అప్పుడు వెలిగింది. మొహం సున్నం కొట్టినట్టయింది.

"మొత్తం ఊడదీస్తానే. మూడు వారాలు, అంతే."

పిన్ని బట్టల సంచీ తీసుకుని దిగింది. "ఊళ్లో అందరి అరలూ తిన్నగానే ఉన్నాయి, మహానుభావా. నావి వంకరగా ఉంటే నాకేం నొప్పిలేదు. ఎక్కుతారా, అక్క దగ్గరికి పొమ్మంటారా?"

బాబాయి బండిని చూశాడు, సంచీని చూశాడు. గడ్డం గీరుకున్నాడు.

"తలకింద రెండు దిళ్లు పెట్టుకుంటే సరిపోద్దంటావా?"

"మూడు పెట్టుకోండి."

తలుపుల పిడులకు తాడు కట్టి బయల్దేరారు. పన్నెండు రోజులైంది. నిన్న నేను ఫోన్ చేసి బాబాయి అరలు సరిచేశాడా అని అడిగితే, "ఏ అరలే? ఇక్కడ సముద్రం కనిపిస్తోంది, తర్వాత చెయ్యి" అని పిన్ని పెట్టేసింది.