భూమి వేడికి కారణం ఆ నలుగురు పిల్లలేనట

ఈ రోజు ఆళ్లగడ్డలో మా అన్న ఇంటికి వెళ్లాను. నేనుండగానే మేడ మీద పోర్షన్ అద్దెకు కావాలని రుద్రవరం నుంచి ఒకామె నలుగురు పిల్లలతో వచ్చింది. బడులు తెరిచేలోపు ఇల్లు దొరకాలట. అన్న గడప దాటకుండానే పిల్లల వైపు చూశాడు.

“నలుగురా! జనం ఇట్ల పెరగబట్టే గదమ్మా భూమి కాలిపోతాండేది. ఇయ్యలేను.”

“మాకుండేది ఒక్క ఫ్యానే అప్పా. మాతో ఎంత కాలుతాది?”

నాకు అనుమానం వచ్చింది. పోయిన వారం ఇదే మనిషి, ట్యాంకు నీళ్లు చాలవు, చిన్న కుటుంబమైతేనే చెప్పమని నాకు ఫోన్ చేశాడు. అప్పుడు భూమి మాటే ఎత్తలేదు.

“అన్నా, నీ దిగులు భూమి గురించా, ట్యాంకు గురించా?” అని అడిగాను.

“ముందు ఆ తలుపెయ్యి సుజాతా, ఏసీ గాలంతా బయటికి పోతాంది.”

ఎండలో నిలబడిన ఆమె ఆ మాటా విన్నది. పిల్లలను తీసుకుని వెళ్లిపోయింది.

జనం పెరిగితే వేడి పెరగదని నేననను. కానీ ఇద్దరే ఉండే మా అన్న ఇంట్లో ఏసీలు మూడు. ఆళ్లగడ్డలో నలుగురు పిల్లలకు భయపడని ఇంటివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వీధి చివర దాకా వెనకాలే వెళ్లి, ఆమె ఫోన్ నంబరు తీసుకునే నంద్యాల బస్సెక్కాను.