దేవదానం గారు ఆపిన ట్రైలర్

ఈ ఉదయం గ్యాస్ స్టేషన్‌లో ట్రక్కు తలుపు తీయగానే గాలి దాన్ని చేతిలోంచి గుంజుకుంది. మణికట్టు ఇంకా నొప్పెడుతోంది. ఇలాంటి గాలిలోనే దేవదానం గారి పరువు పోయింది. పోగొట్టింది నేను.

ఆయన ఎడ్మంటన్‌లో మా తెలుగు చర్చి పెద్ద. కాకినాడ మనిషి, వెల్డరు. ట్రక్కు వెనక ముప్పై అడుగుల ట్రావెల్ ట్రైలర్‌ను తగిలించి లాగడం నాకు నేర్పింది ఆయనే. "ఆడవాళ్లకెందుకండీ ఇది?" అన్నవాళ్లను "నీకొచ్చా ఏటి?" అని ఒక్క మాటతో కూర్చోబెట్టారు.

ఇండియా నుంచి విద్యార్థులు విమానాల కొద్దీ దిగుతున్న రోజులవి. కొత్తగా వచ్చినవాళ్లకు దక్షిణాన కొండల దగ్గర రిట్రీట్ పెట్టాం. వంటసామానంతా ఆయన లాగే చర్చి ట్రైలర్‌లోనే. తలుపు వెనకవైపుంది, దించడం తేలికని బియ్యం బస్తాలు, బిర్యానీ గుండిగలు అక్కడే కుక్కాను. షిఫ్టు నుంచి నేరుగా వచ్చిన ఆయన, "బరువు ముందుకి పెట్టావా అమ్మా?" అన్నారు.

"పెట్టానంకుల్."

వెనక బరువెక్కువైతే గాలికి ట్రైలర్ ఊగిపోతుందని చెప్పింది ఆయనే; తాను నేర్పిన మనిషిని కదా, నమ్మారు. హైవే మీద పక్కగాలి కొట్టగానే ట్రైలర్ తోక ఊపింది. ఆయన బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగును నిటారుగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టే చిన్న మీటను వేళ్లతో మెల్లగా నొక్కారు. బండి కుదురుకున్నాక పక్కకు తీసి ఆపారు. తలుపు తీసి బస్తాలను చూశారు.

"నేను చూసుకోవాల్సింది," అన్నారు. అంతే.

ఇద్దరం అన్నీ ముందుకు మోశాం. "పదండంకుల్, పిల్లలు ఆకలితో ఉంటారు."

"ఓ పూట ఆకలికెవరూ చావరమ్మా. గాలి తగ్గనీ."

సాయంత్రానికి చేరాం. ఎందుకింత ఆలస్యమని అడిగితే, సర్దడంలో తప్పు తనదేనన్నారు ఆయన. అందరి ముందూ చర్చి సెక్రటరీ అన్నాడు: "సర్దుకోవడం కూడా రావట్లేదు అంకుల్‌కి. ఇక కీస్ ఇచ్చేయండి." ఆయన నావైపు చూడకుండా తాళాలు బల్ల మీద పెట్టారు. ప్రతిదానికీ వాదనకు దిగే నేను పేపర్ ప్లేట్లు పంచాను.

తర్వాత లాగే పని నాకిచ్చారు. ఆయన బర్నబీలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లే ముందు, "నిజం చెప్పేస్తానంకుల్" అంటే, "చెప్తే నీ దగ్గరా తాళాలు తీసేసుకుంటారే పిచ్చిదానా" అన్నారు.

మొన్న ఆయన సంస్మరణ కూటంలో లేచి చెప్పాను. సెక్రటరీ ఇబ్బందిగా నవ్వాడు. "ఇప్పుడెందుకాంటీ? ఆయనకేం తేడా పడుతుంది?"

పడదు. అందుకే అంత ధైర్యంగా చెప్పగలిగాను. ఆయన బతికుండగా చెప్పి ఉంటే నా చేతిలోంచి ట్రైలర్ పోయేది. పోయేది అదొక్కటే.