జింకపిల్లకు పరవాన్నం

తెల్లారేసరికి పడవ లంకకి తగిలింది. మోకాలిలోతు నీళ్ళలోకి దిగాను. భుజాన కిట్ బ్యాగు, మెళ్ళో బైనాక్యులర్, నడుముకి వాకీటాకీ, కాళ్ళకి పాత మిలిటరీ బూట్లు. రాజమండ్రికి దిగువన గోదావరి మధ్యలో ఉన్న లంక అది. ఎదురుగా నిలువెత్తు రెల్లుగడ్డి, దాని వెనక ఇసుక, మళ్ళీ గడ్డి. రాజస్థాన్‌లో, జమ్మూలో ఏళ్ళ తరబడి కాపలా కాసి, పింఛనుతో వచ్చినవాణ్ణి. జింకల కాపలాకి కాంట్రాక్టు మీద రమ్మన్నారు. మనుషుల మీద గురిపెట్టే పని కాదు కదా, హాయిగా ఉంటుందనుకున్నాను.

ఆర్డరు చిన్నదే. పొద్దునా సాయంత్రం లంక చుట్టూ నడవాలి. జింకల్ని దూరం నుంచి చూడాలి. ఎర్రజెండాలు పాతిన చోటు దాటి ఎవర్నీ లోపలికి రానివ్వకూడదు. మా బలగమంతా ముగ్గురం. నేను, పడవ నడిపే సరంగు, ఒడ్డున ఆఫీసులో వైర్‌లెస్ ముందు కూర్చునే సెక్షన్ ఆఫీసరు. ఆయన లంకలో కాలు పెట్టగా నేను చూడలేదు.

మిలిటరీ నడక అక్కడ పనికిరాదు. బూటు చప్పుడుకి కౌజు పిట్టలు బుర్రుమని లేస్తాయి. అవి లేస్తే జింకలు తలెత్తుతాయి. ఇక ఆ పూటకి అంతే సంగతులు. గాలికి ఎదురుగా, అడుగు తీసి అడుగేస్తూ నడవడం మళ్ళీ నేర్చుకున్నాను. ముందు ఇర్రి కనపడేది. మగజింకని ఇక్కడ అలా అంటారని సరంగు చెప్పాడు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలితిరిగిన కొమ్ములు. దాని వెనక గడ్డిలో లేళ్ళు.

కార్తీకం మొదట్లో ఒక లేడి ఈనింది. పిల్లని వెంట తిప్పుకోదు. గుబురు గడ్డిలో పడుకోబెట్టి తను దూరంగా మేస్తుంది. పాలివ్వడానికే వస్తుంది. అప్పటిదాకా పిల్ల చెవి కూడా కదపదు. బంకర్‌లో మావాళ్ళకి సైతం అంత క్రమశిక్షణ లేదు. దాని ఒంటికి వాసన ఉండదట, అందుకే కుక్కలూ నక్కలూ పక్కనుంచి పోయినా పసిగట్టలేవట. ఆ పిల్ల లేచి మందలో గంతులేసేదాకా సెలవు మాటే ఎత్తకూడదనుకున్నాను.

తర్వాతి ఆదివారం లంక దక్షిణపు కొసన ఉన్నాను. వాకీటాకీ గరగరలాడింది.

"హవల్దారు గారూ, వనభోజనాలవాళ్ళు వస్తున్నారండి. పెద్దోళ్ళ తాలూకు. కాస్త చూసీచూడనట్టు పోనివ్వండి. ఓవర్."

"జెండాలు దాటనివ్వద్దని మీరే కదండీ చెప్పారు?"

"ఒక్క పూటే కదండీ. ఓవర్."

ఆ 'ఓవర్' అనడం ఒక్కటీ బాగా నేర్చుకున్నాడు. ఇసుకలో పరుగులాంటి నడక నడిచాను. సగం దూరంలోనే మైకులో భక్తిపాటలు వినపడ్డాయి. వనభోజనమంటే ఉసిరిచెట్టు కింద తినాలి. లంకలో ఉసిరి లేదు. అందుకని కడియం నర్సరీ నుంచి సంచిలో ఒక ఉసిరిమొక్క తెచ్చారు. జెండాల లోపల రెల్లు నరికి, నేల చదును చేసి, మధ్యలో నిలబెట్టారు. మోకాలెత్తు మొక్క. దాని నీడలో కోడిపెట్ట కూడా కూర్చోలేదు. చుట్టూ కాలనీ కాలనీ అంతా విస్తళ్ళు వేసుకుని కూర్చుంది.

నరికిన గడ్డిలోనే వాళ్ళకి పిల్ల దొరికింది.

ఒక పెద్దావిడ ఒళ్ళో ఉంది. గిట్టలకి పసుపు, మెడకి గంధం, బంతిపూల దండ, నుదుట కుంకుమ. ఆడవాళ్ళూ మగాళ్ళూ వంతులవారీగా పక్కన కూర్చుని ఫొటోలు దిగుతున్నారు. సరంగు నా వైపు చూసి, "చెప్పానండి. ఇన్లేదండి," అని తల దించుకున్నాడు.

"తల్లి వదిలేసి పోయిందండీ, పాపం," అంది ఆవిడ. రిటైరైన పంతులమ్మ అట. "నీరసంతో కదల్లేకపోతోంది. నాలుగు చెంచాల పరవాన్నం పట్టాను."

"వదల్లేదండి. దాచుకుంది. కదలకపోవడం నీరసం కాదండి, భయం."

"పసిదానికి ఇంత పెడితే తప్పా అండీ?"

ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. వేటగాడైతే మెడపట్టి గెంటేవాణ్ణి. జాలిపడి చంపేవాళ్ళని ఏం చెయ్యాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. పిల్లని దాదాపు లాక్కున్నట్టే తీసుకున్నాను. వెనకనుంచి ఎవరో, మిలిటరీవాళ్ళకి మర్యాద తెలీదన్నారు.

పొద్దు వాలకముందే వెళ్ళిపోయారు. ఎంగిలి విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు, ఇసుకలో ఒలికిన సాంబారు మిగిలాయి. ఉసిరిమొక్క కూడా సంచితో సహా అక్కడే. అంత పూజ చేసినవాళ్ళకి గొయ్యి తీసి పాతే ఓపిక లేదు. ఛీ!

పిల్ల పొట్ట ఉబ్బిపోయింది. తడిగడ్డితో ఒళ్ళంతా తుడిచాను. గంధం కొంత పోయింది. కుంకుమ నూనెతో కలిపి పెట్టారు కాబోలు, ఎంత తుడిచినా పోలేదు. నిలిచి ఉన్న రెల్లులో పడుకోబెట్టి, గాలివాటం చూసుకుని దూరంగా బోర్లా పడుకున్నాను. లేడి వచ్చింది. పాలివ్వలేదు. వెళ్ళిపోయింది. తెల్లవారి చూస్తే పిల్ల చల్లబడి ఉంది. సరంగూ నేనూ ఇసుక తవ్వి పూడ్చాం. ఉసిరిమొక్కని ఏట్లోకి విసిరేశాను. మొక్క ఏం చేసిందంటారా? ఏమీ చెయ్యలేదు. నా ఒళ్ళు మండిపోయింది, అంతే.

వారం తర్వాత సెక్షన్ ఆఫీసరు వాకీటాకీలో మురిసిపోయాడు. ఫొటో పేపర్లో పడిందట. జింకపిల్లకు ప్రాణం పోసిన మహిళలు అని రాశారట. ఆ రోజే రాజీనామా ఇచ్చి, బూట్లు విప్పి బ్యాగులో వేసి, భీమవరం బస్సెక్కాను. ఇంటికొస్తే మా బావమరిది అదే పేపరు పట్టుకుని ఎదురొచ్చాడు. జరిగింది చెప్పాను. పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"పోన్లెండి బావగారూ, వాళ్ళ ఉద్దేశం మంచిదే కదండీ."

విస్తళ్ళకన్నా, సాంబారుకన్నా నాకు ఎక్కువ రోత పుట్టించింది ఆ మాటే. ఏటా కార్తీకంలో మా వీధివాళ్ళు వనభోజనాలకి పిలుస్తారు. ఏదో వంక చెప్పి తప్పించుకుంటాను.

సరిహద్దులో చూసినవి చాలా మర్చిపోయాను. ఇది మాత్రం పోదు. గోదావరి మీద ఎర్రటి పొద్దు. లేడి రావడం చూసి పిల్ల వణుకుతూ లేచింది. తల్లి మెడ చాచి వాసన చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. పిల్ల ఒక అడుగు ముందుకు వేసింది. తల్లి మళ్ళీ వెనక్కి జరిగింది. పిల్ల ముఖమెత్తి అలాగే నిలబడిపోయింది, నుదుట రూపాయి కాసంత కుంకుమ బొట్టుతో.