యాక్సిలు రాడ్డు మీద రెండు గాట్లు

పలాసలో బండ్లు బాగుచేసే మేస్త్రి పోయాడని కాయల లోడు దింపి వచ్చిన మా డ్రైవరు చెప్పాడు. నేను నమ్మలేదు.

"నువ్వు సూసినావేటి?" అని అడిగాను.

"సూడనేదు బాబూ, టీ కొట్టు కాడ సెప్పుకుంతన్నారు."

టీ కొట్టు మాటలు నమ్మే మనిషిని కాను. పలాసలో తెలిసినవాళ్ళిద్దరికి ఫోను చేశాను. ఇద్దరూ అదే మాట అన్నా తృప్తి కలగక మేస్త్రి ఇంటికే చేశాను. ఆయన కూతురు ఎత్తి, "నిజమే బావా, నాన్న పోనాడు" అని ఏడ్చింది. అప్పుడు సిగ్గేసింది. బతికుండగా అనుమానించింది చాలక, ఆయన చావుకు కూడా సాక్ష్యం అడిగాను. మా ఉద్దానంలో ఎంతోమంది పోయినట్టే ఆయనా కిడ్నీలు పాడై పోయాడు.

నేను కవిటి దగ్గర కొబ్బరికాయల వ్యాపారిని. అనుమానపు పిట్టనని మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే పేరు పెట్టింది. అది మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన గుణం. ఆయన లోడుకు వేసే ప్రతి కాయకూ తొడిమ పక్కన కత్తితో రెండు గాట్లు పెట్టించేవాడు. కంచిలి మార్కెట్లో పదిమంది కాయలు ఒకే కుప్పలో కలిసిపోయినా మన కాయ మనం పట్టుకోవచ్చని. గాటు లేని కాయ ఒక్కటి కనిపించినా ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు. ఇప్పటికీ మా కాయలకు ఆ రెండు గాట్లే గుర్తు.

తొంభైల చివర్లో నా దగ్గర ఒక పాత జీపు పికప్పు ఉండేది. వయసులో నాకంటే పెద్దది. ఒక ఎండాకాలం దాని వెనక చక్రం నుంచి ఆయిలు కారడం, లోపల ఏదో గురగురమనడం మొదలైంది. వెనక యాక్సిలు విప్పాల్సిందే అన్నారు. టెక్కలిలో ఉండే మా బావమరిది ముందే హెచ్చరించాడు.

"బండి ఒగ్గీసి ఇంటికి వచ్చీకు బావా. మంచి సామాను పీకీసి పాతది ఏసెత్తారు. పక్కనే కూకో."

అందుకని పలాసలో మేస్త్రి షెడ్డుకు అన్నం క్యారియరుతో సహా వెళ్ళాను. ఒక డబ్బా బోర్లించుకుని ఆయన చేతుల మీంచి కన్ను తీయకుండా కూర్చున్నాను. చుట్టుపక్కల జీడి ఫ్యాక్టరీల నుంచి గింజలు కాల్చిన వాసన వస్తూండేది. ఆయన నన్ను అల్లుడూ అనేవాడు, నేను మావా అనేవాణ్ణి. పిలుపులు బంధువులవే గానీ నేను కూర్చున్నది కాపలాకి. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

పనిలో ఆయనకు తొందర ఉండేది కాదు. యాక్సిలు నుంచి దింపిన ఆయిలును రెండు వేళ్ళ మధ్య రాసి ఎండలో పట్టి చూశాడు. అందులో ఇనప పొడి మెరిస్తే లోపల అరుగుతున్నట్టట. విప్పిన ప్రతి సామానూ గోనె మీద వరసగా పెట్టి, కిరసనాయిలుతో కడిగి, కళ్ళు మూసుకుని చేత్తో తడిమేవాడు. "కంటికి ఆననిది సేతికి ఆనుద్ది" అనేవాడు. కొత్త బేరింగు పెట్టె తెస్తే నేను పెట్టె తిప్పి తిప్పి చూశాను. పెట్టె కొత్తదే, లోపలిది పాతదేమోనని నా బాధ. ఆయన నవ్వి, విప్పేసిన పాత బేరింగు నా చేతిలో పెట్టాడు.

"ఇది ఇంటికి అట్టుకుపో అల్లుడూ. తలగడ కింద ఎట్టుకో, నిద్దరపడద్ది."

తరవాత చక్రానికీ లోపలి పళ్ళచక్రాలకూ మధ్య తిరిగే యాక్సిలు రాడ్డు బయటికి లాగాడు. ఈ చివర నుంచి ఆ చివరకు తడిమి, "రాడ్డు రాయిలా ఉంది. ఇలాటి సరుకు ఇప్పుడు దొరకదు" అన్నాడు. ఆ మాటే నా కొంప ముంచింది. దొరకని సరుకైతే ఉంచుకుంటాడు కదా అనిపించింది. ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళగానే షెడ్డులోని ఆకురాయి తీసుకుని రాడ్డు మీద రుద్దడం మొదలుపెట్టాను. చెమటలు కారాయి గానీ రెండు గాట్లు లోతుగా పడ్డాయి. మా కాయల గాట్లే. పైన గ్రీజు పూసి, ఏమీ ఎరగనట్టు డబ్బా మీద కూర్చున్నాను. ఆయన వచ్చాక వెళ్ళాలి వెళ్ళాలి అంటూ తొందరపెట్టి బిగింపించేశాను.

ఆరు నెలలు తిరగలేదు. కంచిలి దాటాక రోడ్డు మీద పికప్పు ఒక్కసారి కుంగింది. వెనక చక్రం ఊడి, మమ్మల్నే దాటుకుని ముందుకు దొర్లిపోయింది. బండి గుంటలోకి ఒరిగింది, కాయలు రోడ్డంతా పరుచుకున్నాయి. పక్కన కూర్చున్న మా ఆవిడ కుడి మణికట్టు విరిగింది. ఆమెను ఆసుపత్రిలో చేర్చాక నేను చేసిన మొదటి పని, చక్రానికి అంటుకుని ఉన్న రాడ్డు ముక్క తుడిచి చూడటం. గాట్లు లేవు. నా రాడ్డు మార్చేశాడనడానికి ఇంకేం కావాలి?

బండిని షెడ్డుకు లాగించి, చేతికి కట్టుతో ఉన్న మా ఆవిడను పక్కన పెట్టుకుని నలుగురూ వినేలా అరిచాను.

"నా రాడ్డు అమ్ముకుని, పుచ్చిపోయింది ఏసినావు. దీని సెయ్యి సూడు!"

గాట్ల సంగతి మాత్రం చెప్పలేదు. పంచాయితీ పెడితే అక్కడ బయటపెడదామని దాచుకున్నాను. ఆయన లోపల ఇరుక్కున్న మిగతా ముక్క బయటికి లాగాడు. తుడిచాడు. తడిమాడు. నా వైపు చూశాడు. మా ఆవిడ వైపు చూశాడు. ఆ ముక్కను గుడ్డలో చుట్టేసి, "తప్పు నాదే అల్లుడూ. కొత్త రాడ్డు నానే ఏత్తాను" అన్నాడు.

ఎవరైనా అంత తేలిగ్గా తప్పు ఒప్పుకుంటారా? దొంగ కాబట్టే ఒప్పుకున్నాడనుకున్నాను. కవిటి నుంచి కంచిలి దాకా, కాయలు దింపిన ప్రతిచోటా ఆ మాట కూడా దింపాను. మా వైపు బండ్లన్నీ టెక్కలి షెడ్ల దారి పట్టాయి.

ఏడాది గడిచినా ఆ గుడ్డలో చుట్టిన ముక్క నన్ను తొలిచేసేది. ఏం దాచాడు? ఒకరోజు ఒక్కణ్ణే వెళ్ళి చూపించమన్నాను. ఆయన తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొదటి గాటు నా వేలికి తగిలింది. రెండో గాటు పూర్తిగా తగల్లేదు, విరిగిన అంచు మీద సగమే ఉంది. సరిగ్గా అక్కడే విరిగింది. మిగతా సగం చక్రం వైపు ముక్క అంచులో కలిసిపోయి ఆ రోజు నా కంటికి ఆనలేదు. రాడ్డు నాదే. విరగ్గొట్టిందీ నేనే.

"తిరిగే రాడ్డుకి గాటెడితే బరువంతా అక్కడే లాగుద్ది" అన్నాడాయన మెల్లిగా.

"మరి తప్పు నీదని ఎందుకన్నావు మావా?"

"తిండికి ముందు తడిమినాను, తిండి తరవాత తడమనేదు. అది నా తప్పే. అయినా ఆ పిల్ల ఇరిగిన సెయ్యేసుకుని నిలబడితే, నీ మొగుడే ఇరగ్గొట్టినాడని ఎలా సెప్పీది?"

అప్పుడు నేనేం చేయాలి? కవిటి దాకా పరిగెత్తి అందరికీ చెప్పాలి. నేనన్నది, "ఎవులికీ సెప్పకు మావా" అని.

"సెప్పీవోణ్ణైతే ఆ రోజే సెప్పుదును" అన్నాడు.

ఆ తరవాత ఆయన భోజనం చేసి వచ్చాక సామాన్లన్నీ మళ్ళీ మొదటి నుంచి తడమడం చూశాను. "నువ్వు నేర్పిందే" అని నవ్వేవాడు. పికప్పు అమ్మేదాకా ఆయనకు తప్ప ఇంకొకరికి ఇవ్వలేదు. దానితో సరిపోయిందనుకున్నాను. సరిపోలేదు. మా వైపు బండ్లు ఆయన షెడ్డుకు మళ్ళీ రాలేదు. ఆయన్ని ఎవరైనా మెచ్చుకుంటుంటే తల దించుకునేవాణ్ణే గానీ నోరు విప్పలేదు. పిరికివాణ్ణి. ఇది చదివేవాళ్ళలో ఆ రోజుల్లో నా మాట విని మేస్త్రిని మానేసినవాళ్ళుంటే, మీకు అబద్ధం చెప్పింది నేను. ఆయన చేతి పనిలో ఏ దోషమూ లేదు.

మొన్న పెద్దకర్మకు మా ఆవిడతో వెళ్ళాను. భోజనాలయ్యాక ఇద్దరం షెడ్డులోకి నడిచాం. మూల ఆ రాడ్డు ముక్క గోడకు చేరేసి ఉంది. ఇన్నేళ్ళూ అది అక్కడే అలాగే ఉండేది. ఎందుకలా పెట్టాడో ఆ రోజే తెలిసింది. గాట్లు గోడవైపు తిప్పి పెట్టాడు, వచ్చిపోయేవాళ్ళకు కనిపించకుండా.

నేను దాన్ని ఇటు తిప్పాను.

మా ఆవిడ వంగింది. సరిగ్గా తిరగని ఆ కుడిచేత్తోనే తడిమి చూసింది.

"ఇవి మన కాయల గాట్లు కాదేటి?"

"అవును. నానే ఎట్టినాను" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. చాలాసేపు ఆమె వేలు ఆ గాటులోనే ఉండిపోయింది.