స్వరూప గ్రాఫ్ కాగితం

నిన్న పదకొండుంపావుకు ఫోన్ వచ్చింది.

"స్వరూప మేడమ్ ఇక లేరండీ" అన్నారు.

"ఏ స్వరూప?" అని అడిగాను.

మా పై వాటాలో ఉండే స్వరూప అని నాకు తట్టనే లేదు. ఎనిమిదీ పదికి మెట్లు దిగుతూ నాతో మాట్లాడి వెళ్లిన మనిషి. మూడు గంటలైనా కాలేదు కదా అనుకున్నాను.

కాదు. మూడు గంటల ఐదు నిమిషాలు.

దిల్‌సుఖ్‌నగర్‌లో తాను ప్రోగ్రామింగ్ చెప్పే కోచింగ్ సెంటర్‌లో, బోర్డు మీద రాస్తూ రాస్తూ కూలబడిపోయిందట. హాస్పిటల్‌కు చేరేలోపే అంతా అయిపోయింది. గుండె అన్నారు.

ముప్పై నాలుగేళ్ల పిల్లకు గుండె ఏమిటి?

ఎల్.బి.నగర్‌లో మా ఇంట్లో దిగి నాలుగేళ్లు. పోచంపల్లి నేత కుటుంబం. నేను రిటైరైన లెక్కల టీచర్నని తెలిసిన రోజు నుంచి ప్రతి ఆదివారం ఒక ప్రాబ్లమ్ పట్టుకుని కిందికి వచ్చేది.

"అమ్మమ్మా, మా స్టూడెంట్లు యాడ తప్పు చేస్తరో ముందు మీ మీద టెస్ట్ చేస్త" అనేది. నాతో అలా మాట్లాడే ధైర్యం మా ఇంట్లో ఇంకెవరికీ లేదు.

మొన్న ఆదివారం గ్రాఫ్ కాగితం తెచ్చింది. దాని మీద మూడు దీర్ఘచతురస్రాలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. అవన్నీ కలిసి ఎన్ని గళ్ళను కప్పాయి? ఇదీ ప్రశ్న.

విడివిడిగా ఇరవై నాలుగు, ఇరవై, పద్దెనిమిది. కూడితే అరవై రెండు. రెండేసి కలిసిన చోట్ల ఆరు, తొమ్మిది, ఎనిమిది. ఆ ఇరవై మూడూ తీసేశాను. ముప్పై తొమ్మిది అని కాగితం కిందే పెన్నుతో రాశాను.

"నలభై మూడు, అమ్మమ్మా."

"నాకే లెక్కలు నేర్పుతావుటే?"

"గోడకుర్చీ ఏపిస్తరా ఏంది?" అని నవ్వింది. "మా నాయిన చీర డిజైన్ గిట్లనే గ్రాఫ్ మీద గీస్తడు. గడికి రంగు ఒక్కసారి పడ్డంక, మళ్ల ఎన్నిసార్లు పూసినా గది ఒక్క గడే. మీరు గూడ రంగులేసి చూడుండ్రి."

కాగితం టీవీ పక్కన పెట్టి వెళ్లింది. నేను ముట్టుకోలేదు.

రోజూ మెట్ల మీద నుంచే అడిగేది, "రంగులేసిండ్రా?"

నిన్న కూడా అడిగింది.

"ముందు క్లాసుకు వెళ్లు, ఆలస్యమవుతోంది" అని కసిరాను.

ఆమెతో నా చివరి మాట అదే.

ఈ రోజు పొద్దున ఆ కాగితం తీశాను. ఒకప్పుడు పేపర్లు దిద్దిన ఎర్ర పెన్సిల్‌తోనే ఒక్కో గడీ నింపాను. రెండుసార్లు లెక్కపెట్టాను.

నలభై మూడు.

మూడూ కలిసిన చోట, సరిగ్గా మధ్యలో, నాలుగు గళ్ళున్నాయి. మూడుసార్లు కలిపాను, మూడుసార్లు తీసేశాను. తిరిగి కలపడం మరిచాను. కళ్ల ముందు ఉన్నవి నా లెక్కలో లేకుండా పోయాయి.

స్వరూపా, తప్పు నాదే.

నా ముప్పై తొమ్మిది కొట్టేసి, పక్కన నీ జవాబు రాసి, రైట్ మార్కు పెట్టాను. నిన్న రాత్రే ఊరి నుంచి వచ్చి, పైన మీ నాయిన ఉన్నారు. కాగితం ఆయన చేతికే ఇస్తాను.

రంగులేశానే.

నిమ్మళంగా పడుకో తల్లీ.